ఫ్రెషర్స్‌కి ఏ జాబ్ యాప్ మంచిది? ఓ నెట్ సెంటర్ వాడి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, మొదటిసారి ఉద్యోగం వెతుక్కునే పిల్లలకి ఐదుకి ఐదు స్టార్లు ఇవ్వదగ్గ జాబ్ యాప్ ఒక్కటీ లేదండి. ప్లే స్టోర్‌లో నాలుగు పాయింట్ ఎంతో రేటింగ్ ఉందని నమ్మేయకండి, ఆ రేటింగ్ యాప్ సాఫీగా ఓపెన్ అవుతోందా లేదా అన్నదానికి, లోపలున్న పోస్టు నిజమా దొంగదా అన్నదానికి కాదు. అందుకే నేను మార్కులు వేసే లెక్క వేరు. అక్కడ డబ్బులు ఎవరు కడుతున్నారు, మన ఫోన్ నంబర్ ఎవరి చేతికి వెళ్తోంది, డౌటొస్తే చెక్ చేసుకునే దారి ఉందా లేదా, అంతే.

నాది కాకినాడలో చిన్న నెట్ సెంటర్. జిరాక్స్, కలర్ ప్రింట్లు, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు. జేఎన్‌టీయూ పిల్లలు, పాలిటెక్నిక్ పిల్లలు, డిగ్రీ అయిపోయి ఇంట్లో తిట్లు తింటున్నవాళ్ళు అందరూ రెజ్యూమ్ కొట్టించుకోడానికి ఇక్కడికే వస్తారు. ఎవరు ఎందులో అప్లై చేశారో, ఎవరికి కాల్ వచ్చిందో, ఎవరు బ్యాగ్ సర్దుకుని గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కారో, ఎవరు వారం తిరక్కుండా వెనక్కి దిగారో నాకు తెలిసిపోతుంది, ఎందుకంటే వెళ్ళేటప్పుడు సర్టిఫికెట్ల జిరాక్సులు ఇక్కడే, వచ్చాక మళ్ళీ రెజ్యూమ్ మార్చడమూ ఇక్కడే.

నౌకరీ సంగతి ముందు. 1997 నుంచి ఉన్న సైటు ఇది, ఇన్ఫో ఎడ్జ్ వాళ్ళది. ఇందులో అసలు కస్టమర్ మనం కాదు, కంపెనీలు. వాళ్ళు డబ్బు కట్టి రెస్‌డెక్స్ అనే డేటాబేస్‌లో మన రెజ్యూమ్‌లు వెతుక్కుంటారు, ఈమధ్య యాక్టివ్‌గా ఉన్న ప్రొఫైల్స్ ఏవో ఫిల్టర్ పెట్టి మరీ చూస్తారు. అంటే ఆరు నెలల క్రితం ప్రొఫైల్ పెట్టేసి "అన్నా ఒక్క కాల్ రాలేదు" అంటే రాదు మరి. వారానికోసారి లాగిన్ అయ్యి కీ స్కిల్స్ దగ్గర ఒక ముక్క సరిచేసి సేవ్ కొట్టండి, పైసా ఖర్చు లేని పని. రెజ్యూమ్ రాసిపెడతాం, ప్రొఫైల్ హైలైట్ చేస్తాం అని పెయిడ్ సర్వీసులు కూడా అమ్ముతారు, అవి మోసం కాదు కానీ ఫ్రెషర్‌కి అక్కర్లేదని నా అభిప్రాయం, రాయడానికి ఒకటే పేజీ ఉన్నోడికి ఇంక హైలైట్ ఏం చేస్తారు. నాలుగు స్టార్లు. బీటెక్, డిగ్రీ వాళ్ళకి మొదటి ప్రొఫైల్ ఇక్కడే పెట్టమంటాను.

అప్నా, వర్క్‌ఇండియా లాంటివి ఇంకో రకం. టెలికాలర్, బ్యాక్ ఆఫీస్, డెలివరీ, షోరూమ్ సేల్స్, బిల్లింగ్ కౌంటర్, ఇలాంటి ఉద్యోగాలు ఎక్కువ. ఇంటర్ చదివినోళ్ళకి, ఐటీఐ వాళ్ళకి, ఇంగ్లీష్ రెజ్యూమ్ అంటే భయపడేవాళ్ళకి ఇవే సులువు, డైరెక్టుగా హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసెయ్యొచ్చు. ఆ సుఖంలోనే ఇబ్బంది కూడా ఉంది, నంబర్ బయటికి వెళ్ళిందంటే కాల్స్ ఆగవు, అందులో సగం మంది ఆ కంపెనీ మనుషులు కూడా కారు, మధ్యలో కన్సల్టెన్సీ వాళ్ళు. అందుకే షాపుకి వచ్చే పిల్లలకి ఉద్యోగాల వేటకి ఒక సిమ్, ఒక ఈమెయిల్ వేరుగా పెట్టుకోమంటా, బ్యాంకుకి లింకైన నంబర్ మాత్రం ఏ యాప్‌లోనూ ఇవ్వొద్దంటా. ఈ రకం యాప్‌లు ఏవైనా సరే జీతం దగ్గర పైన రాసిన పెద్ద నంబర్ చూడకండి, నెలకి నలభై వేలు అని ఉన్న డెలివరీ ఉద్యోగంలో పెట్రోల్, బండి రిపేర్లు, ఫోన్ డేటా మనవే, అవి తీసేశాక ఎంతో లెక్కేసుకోండి. ఇంకోటి, "ఓన్లీ మేల్" అని, "అన్‌మ్యారీడ్ గర్ల్స్ ఓన్లీ" అని ఇప్పటికీ పోస్టులు పెడుతుంటారు కొంతమంది. ఒకే పనికి తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపించకూడదని 1976 నాటి సమాన వేతన చట్టంలోనే ఉండేది, దాని బదులు వచ్చిన వేతన కోడ్‌లోనూ ఉంది, అలాంటి పోస్టు కనబడితే రిపోర్ట్ కొట్టండి, కనీసం అప్లై చెయ్యకుండా వదిలెయ్యండి, ఆ ఆఫీసు లోపల కూడా అలాగే ఉంటుంది. మూడున్నర స్టార్లు.

ఇంటర్న్‌శాల ఇంకా చదువుకుంటున్నవాళ్ళకి బాగుంటుంది, స్టైపెండ్ ఎంతో పోస్టు మీదే కనబడుతుంది. కోర్సులు కూడా అమ్ముతారు, కోర్సు కొనకపోయినా ఇంటర్న్‌షిప్‌కి అప్లై చెయ్యొచ్చు, ఈ రెండూ కలిపేసుకుని "ముందు కోర్సు కొనాలంట కదా అన్నా" అని వచ్చేవాళ్ళు చాలామంది. లింక్డ్‌ఇన్‌ని మన పిల్లలు ఫేస్‌బుక్‌లా పోస్టులు పెట్టుకోడానికి వాడతారు కానీ, నా దృష్టిలో అది వెతుక్కోడానికి కంటే చెక్ చేసుకోడానికి మంచి సాధనం. మీకు ఫోన్ చేసిన హెచ్‌ఆర్ పేరు కొట్టండి, ఆ ప్రొఫైల్ ఏ సంవత్సరంలో మొదలైందో, వెరిఫికేషన్ ఉందో లేదో చూపిస్తుంది. కంపెనీ పేజీలో పీపుల్ అని ఉంటుంది, అక్కడ పనిచేసేవాళ్ళలో మీ కాలేజీ సీనియర్ ఎవరైనా దొరికితే ఒక్క మెసేజ్ పెట్టండి, "అన్నా, మీ దగ్గర ఫ్రెషర్స్‌ని నిజంగా తీసుకుంటున్నారా" అని. సీనియర్లు ఆ మాత్రానికి రిప్లై ఇస్తారు.

గవర్నమెంటు సైట్లని మనోళ్ళు అసలు పట్టించుకోరు, అదే నాకు కోపం. నేషనల్ కెరీర్ సర్వీస్ అని 2015 జులైలో కేంద్ర కార్మిక శాఖ పెట్టింది, రిజిస్ట్రేషన్‌కి రూపాయి కట్టక్కర్లేదు, జాబ్ మేళాల తేదీలు కూడా అందులోనే ఉంటాయి, 1514 హెల్ప్‌లైన్. తెలంగాణ వాళ్ళకి డీట్ అని ప్రభుత్వ డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ ఉంది, మనకి స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ జాబ్ మేళాలు పెడుతుంటుంది. ఈ సర్కారు సైట్లన్నిటికంటే ముందు నేను చూడమనేది నాట్స్. డిప్లొమా, డిగ్రీ, బీటెక్ అయిపోయినవాళ్ళకి అప్రెంటిస్‌షిప్ ఇప్పించే పోర్టల్, 1961 అప్రెంటిస్ చట్టం కింద నడుస్తుంది, మన వైపు సంగతి చెన్నైలో ఉన్న అప్రెంటిస్‌షిప్ బోర్డు చూస్తుంది. స్టైపెండ్ కనీసం ఇంత ఉండాలని రూల్ ఉంది, ఆ కనీసంలో సగం కేంద్రం భరిస్తుంది, ఏడాది అయ్యాక సర్టిఫికెట్ చేతికొస్తుంది, "ఎక్స్‌పీరియన్స్ ఉందా" అన్న ప్రశ్నకి ఒక జవాబు దొరుకుతుంది. పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్ కూడా ఉంది, 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టినప్పుడు 21 నుంచి 24 ఏళ్ళ వాళ్ళకి, నెలకి 5,000, చేరేటప్పుడు ఒకసారి 6,000 అని పెట్టారు. ఐదువేలతో పరాయి ఊళ్ళో ఎలా బతుకుతారు అంటే నిజమే, సొంతూరి దగ్గర దొరికితేనే లాభం. ఈ సర్కారు బ్యాచ్ మొత్తానికి నాలుగు స్టార్లు, ముఖ్యంగా డబ్బు అడగరు కాబట్టి. వీటి పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే వాడు దొంగే, అంత సింపుల్.

ఇప్పుడు అసలు విషయం. మోసం సాధారణంగా యాప్ లోపల జరగదు, యాప్ నుంచి బయటికి లాగాక జరుగుతుంది. పోస్టు యాప్‌లో, మాట వాట్సాప్‌లో, ఇంటర్వ్యూ టెలిగ్రామ్ చాట్‌లో, డబ్బు ఫోన్‌పేలో. ఒకబ్బాయి వాళ్ళ నాన్నతో వచ్చాడు మా షాపుకి, ఆఫర్ లెటర్ కలర్ ప్రింట్ కావాలి, రెండు కాపీలు, ఒకటి లామినేషన్. చాలా పెద్ద ఐటీ కంపెనీ పేరు. ప్రింటర్‌లోంచి వస్తుంటేనే తేడా తెలిసిపోయింది నాకు, ఎక్కడో నెట్‌లోంచి తీసి అతికించిన లోగో, అంచులు మసక. "డియర్ కాండిడేట్" అని ఉంది, అబ్బాయి పేరు లేదు. జాయినింగ్ లొకేషన్ దగ్గర "పాన్ ఇండియా". ప్యాకేజీ సంవత్సరానికి 4.8 లక్షలు అని ఒకే లైను, బేసిక్ ఎంత, పీఎఫ్ ఎంత, ఏమీ లేదు. రెండో పేజీలో అసలు సంగతి: ల్యాప్‌టాప్‌కి రిఫండబుల్ సెక్యూరిటీ డిపాజిట్ 2,850 రూపాయలు, ఈరోజు సాయంత్రం ఐదులోపు, కింద క్యూఆర్ కోడ్.

నేను నా ఫోన్‌తో స్కాన్ చేసి చూపించా. కంపెనీ పేరు రాలేదు, ఎవరో మనిషి పేరొచ్చింది. వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. "ఏవండీ, అంత పెద్ద కంపెనీ రెండువేల ఎనిమిది వందలకి కక్కుర్తి పడుతుందా" అన్నారు. ఆయన అడిగింది కరెక్టే, పడదు, అందుకే అది కంపెనీ కాదండీ అన్నా. అబ్బాయేమో "అన్నా, రిఫండబులే కదా" అని గొణుగుతున్నాడు. తర్వాత నాన్నగారు బయట ఫోన్ మాట్లాడుతుంటే మెల్లగా చెప్పాడు, ఇంటర్వ్యూ స్లాట్ కోసమని 499 ముందే కట్టేశాడంట, ఇంట్లో చెప్పలేదంట. ఆ 499 కట్టాడు కాబట్టే 2,850 అడిగారు, ఇదీ కట్టి ఉంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అని ఇంకోటి వచ్చేది. ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీ తీశా, ఉద్యోగానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోము అని అక్కడే రాసుంది. పేరున్న కంపెనీలు చాలా ఈ మాట రాసిపెడతాయి, టీసీఎస్, ఇన్ఫోసిస్ సహా. చదివేవాళ్ళే లేరు.

అందుకే నేను చెప్పేది ఏంటంటే యాప్‌ని నోటీస్ బోర్డులా చూడండి, అక్కడ ఖాళీ ఉందని తెలుసుకోండి, తర్వాత ఆ కంపెనీ సొంత సైటుకి మీరే వెళ్ళండి, వాళ్ళు పంపిన లింకు నొక్కి కాదు. మెయిల్ ఏ అడ్రస్ నుంచి వచ్చిందో చూడండి, జీమెయిల్ నుంచి వస్తే ఆగండి, కంపెనీ పేరు పక్కన "కెరీర్స్", "హెచ్‌ఆర్ ఇండియా" అని ఏదో తోక తగిలించి ఉన్నా ఆగండి. చిన్న కంపెనీ అయితే ఒక చెక్ ఉంది, చాలామందికి తెలీదు, పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓ సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఉంటుంది, లాగిన్ అక్కర్లేదు, కంపెనీ పేరు కొడితే ఏ నెల ఎంతమందికి పీఎఫ్ కట్టారో వస్తుంది. రెండొందల మంది పనిచేస్తున్నారని చెప్పినోడు పీఎఫ్ కట్టేది నలుగురికే అయితే మీకు అర్థమైపోతుంది. జీఎస్‌టీ నంబర్ ఉంది, కంపెనీ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంది అని లెటర్ కింద వేసుకుంటారు చూడండి, అది చూసి మాత్రం నమ్మకండి, నిజమైన కంపెనీ నంబర్ కాపీ కొట్టి వేసుకోవడం వాళ్ళకి నిమిషం పని.

హైదరాబాద్ వెళ్ళి కోర్సు నేర్చుకుని బ్యాక్‌డోర్‌లో చేరదామనుకునేవాళ్ళకి కూడా ఒక ముక్క. అమీర్‌పేట్‌లో మంచి ఇన్‌స్టిట్యూట్లు ఉన్నాయి, నేర్చుకోవడం వేరు, ఉద్యోగం కొనుక్కోవడం వేరు. లక్షో రెండు లక్షలో కడితే పెద్ద కంపెనీలో కూర్చోబెడతాం అని, ఓ గాజు బిల్డింగ్‌లో ఆఫీసు చూపించి, రెండు నెలలు జీతం కూడా వేసి, తర్వాత బోర్డు తిప్పేసే కన్సల్టెన్సీల కథలు మాదాపూర్ పోలీసుల దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళాయో పేపర్లు చదివేవాళ్ళకి కొత్త కాదు. ఆ డబ్బు చాలా ఇళ్ళల్లో బంగారం తాకట్టు పెట్టి తెచ్చింది.

సరే, ఉద్యోగం నిజమైనదే అనుకుందాం. జీతం న్యాయంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? సీటీసీ, అంటే మన మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 2.4 లక్షలు అంటే నెలకి 20 వేలు చేతికొస్తాయని ఇంట్లో చెప్పేస్తారు పిల్లలు. రావు. బేసిక్ పదివేలు అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, గ్రాట్యుటీ, ఈఎస్‌ఐ అనే ఉద్యోగుల వైద్య బీమాలో కంపెనీ వాటా కూడా ఆ ఇరవైలోంచే తీస్తారు, మళ్ళీ మన పీఎఫ్ 12 శాతం, మన ఈఎస్‌ఐ ముప్పావు శాతం, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150, అన్నీ పోగా పదహారు వేల చిల్లర మిగులుతుంది. హైదరాబాద్‌లో హాస్టల్‌కి ఆరేడు వేలు పోతే మిగిలేదెంతో చూసుకోండి. పీఎఫ్ మన డబ్బే, ఎక్కడికీ పోదు, అందుకని అది చూసి ఏడవక్కర్లేదు, పీఎఫ్ లేదు ఈఎస్‌ఐ లేదు మొత్తం చేతికిచ్చేస్తాం అన్నవాడి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. ఇంటర్వ్యూలోనే "ఇన్ హ్యాండ్ ఎంత వస్తుంది సర్, బ్రేకప్ మెయిల్ చేస్తారా" అని అడగండి, అడిగితే ఉద్యోగం పోతుందని భయపడతారు మనవాళ్ళు, ఆ మాత్రానికి పోయే ఉద్యోగం పోనివ్వండి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, అపాయింట్‌మెంట్ లెటర్ ప్రతి ఒక్కరికీ ఇవ్వాల్సిందే, కాగితం లేకుండా "వచ్చి జాయిన్ అయిపో, తర్వాత చూద్దాం" అనే రోజులు కావు.

బాండ్, అంటే ఇన్నాళ్ళలోపు మానేస్తే ఇంత కడతానని రాసిచ్చే కాగితం, దాని గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. ఇండియాలో బాండ్ చెల్లదన్నా అని ఎవడో రీల్ చూసి వచ్చి చెప్తాడు, అలా గుడ్డిగా అనుకోకండి, విజయా బ్యాంక్ కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు రెండు లక్షల బాండ్‌ని సమర్థించింది. ప్రతి బాండూ చెల్లుతుందనీ కాదు, ఎంత మొత్తం, ఎన్నాళ్ళు, నిజంగా ట్రైనింగ్ ఇచ్చారా అన్నది చూస్తారు. సంతకం పెట్టే ముందు చదవండి, ఒక కాపీ మీరూ ఉంచుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం చూపించి వెనక్కి తెచ్చుకోండి, ఆఫీసు బీరువాలో పెట్టి రావద్దు. ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ యూఐడీఏఐ సైట్‌లోనే డౌన్‌లోడ్ అవుతుంది, జాయినింగ్ దాకా అది చాలు.

ఇంట్లో కూర్చుని చేసే పనుల గురించి స్టార్లు లేవు, సున్నా. యూట్యూబ్ వీడియోకి లైక్ కొడితే యాభై, గూగుల్ మ్యాప్స్‌లో హోటల్‌కి రివ్యూ రాస్తే నూటయాభై అని మొదటిరోజు నిజంగానే డబ్బులేస్తారు, తర్వాత ప్రీపెయిడ్ టాస్క్ అని మనచేత కట్టించుకోవడం మొదలుపెడతారు, స్క్రీన్ మీద బ్యాలెన్స్ పెరుగుతూ ఉంటుంది, తీసుకోబోతే ట్యాక్స్ కట్టమంటారు. టైపింగ్ జాబ్ ఇంకా దుర్మార్గం, ఫారాలు నింపమంటారు, ఎలా నింపినా తప్పులున్నాయంటారు, అగ్రిమెంట్ ఉల్లంఘించారు అని లాయర్ పేరుతో నోటీసు వస్తుంది, కోర్టు అనేసరికి ఆడపిల్లలు భయపడి గాజులు తాకట్టు పెట్టి మరీ కట్టేస్తారు. అవన్నీ ఉత్త బెదిరింపులు, కట్టకండి, నంబర్ బ్లాక్ చేసి కంప్లైంట్ ఇవ్వండి. ఇంకా "మీ బ్యాంక్ అకౌంట్ వాడుకోనిస్తే కమీషన్ ఇస్తాం" అనేది ఉద్యోగమే కాదు, దొంగ డబ్బు మీ అకౌంట్ మీదుగా తిరుగుతుంది, ముందు ఫ్రీజ్ అయ్యేది మీ అకౌంట్, ముందు పోలీసులు వచ్చేది మీ ఇంటికి.

విదేశాలంటే మా జిల్లాల్లో మోజు ఎక్కువ కాబట్టి అదొక్కటి చెప్పాలి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుందా, డేటా ఎంట్రీ ఉద్యోగమని మన కుర్రాళ్ళని తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించారు. టూరిస్ట్ వీసా మీద వెళ్ళు, అక్కడ మార్చేస్తాం అన్నాడంటే అక్కడితో ఆపెయ్యండి. ఈమైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ సైట్‌లో ఏజెంట్ రిజిస్టర్ అయ్యాడో లేదో కనబడుతుంది, రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా 30 వేలు, దాని మీద జీఎస్‌టీ, అంతకుమించి ఫీజు తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. విదేశీ ఉద్యోగాలకి ప్రభుత్వం తరఫున ఏపీకి ఓంక్యాప్, తెలంగాణకి టామ్‌కామ్ అనే సంస్థలు ఉన్నాయి, ముందు అక్కడ అడగండి.

డబ్బు పోయిందా, సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే అవతలి అకౌంట్‌లో డబ్బు ఆగే ఛాన్స్ అంత ఎక్కువ. కంప్లైంట్ సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టాలి. దానికి యూపీఐ రిఫరెన్స్ నంబర్, ఏ టైముకి పంపారో, చాట్ స్క్రీన్‌షాట్లు, వాళ్ళ ఫోన్ నంబర్, పోస్టు లింకు కావాలి, కోపంలో చాట్ డిలీట్ చేసి వస్తున్నారు చాలామంది, అది మాత్రం చెయ్యకండి. డబ్బు పోకపోయినా, కాల్ మీద డౌట్ వచ్చినా టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైట్‌లో చక్షు అని ఉంటుంది, అక్కడ ఆ నంబర్ రిపోర్ట్ చెయ్యొచ్చు. ఇందాక చెప్పిన అబ్బాయి 499కి కూడా కంప్లైంట్ పెట్టించా, చిన్న అమౌంటే కదా అన్నాడు, అదే అకౌంట్‌కి ఇంకెంతమంది పంపారో వాళ్ళకి తెలియాలి కదా అని.